ఇంత అప్పులో ఇదెంత అనుకున్నాను

అప్పుల్లో ఉన్న ఇంట్లో నెలనెలా డబ్బు కట్టి టీవీ చూడొచ్చా, కూడదా? ఈ ప్రశ్నకు నేను రెండు జవాబులు చెప్పాను. మొదట కొన్నేళ్లు "ఇంత అప్పులో ఇదెంత" అన్నాను. తర్వాత ఒకరోజు "ఇంత అప్పు పెట్టుకుని ఇదెందుకు" అని కనెక్షన్ పెరికించాను. రెండూ అవివేకపు మాటలే. రెండుసార్లూ కాగితం ముందు పెట్టుకుని లెక్క రాయలేదు. మా మిడుతూరు చుట్టుపక్కల నాలాంటి ఇళ్లు చాలా ఉన్నాయి. అందుకే దాచుకోకుండా చెప్పుకుంటున్నాను.

మాది సేద్యం. రోళ్లపాడు వైపు కొంత మెట్టచేను సొంతం, కొంత కౌలు. మొక్కజొన్న, మిరప వేస్తాం. అప్పులు నాలుగు రకాలుగా ఉండేవి. బ్యాంకులో పంట రుణం ఒకటి. ఆడవాళ్ల నగల మీద బ్యాంకులోనే తెచ్చింది ఇంకొకటి. మా ఇంటామె డ్వాక్రా గ్రూపులో తీసుకున్నది మూడోది. ఊళ్లో నోటు రాసి రెండు రూపాయల వడ్డీకి తెచ్చింది నాలుగోది. ఎరువుల అంగడిలో ఖాతా వేరు. వీటన్నింటినీ కలిపి "అప్పు" అనుకునేవాణ్ణి తప్ప, దేనికి ఎంత వడ్డీ పడుతుందో విడదీసి చూడలేదు. నా మొదటి తప్పు అదే.

పంట రుణం మూడు లక్షల వరకు 7 శాతం వడ్డీకి వస్తుంది. గడువులోగా కడితే కేంద్రం 3 శాతం రాయితీ ఇస్తుంది, మనకు పడేది 4 శాతమే. రెండు రూపాయల వడ్డీ అంటే నూటికి నెలకు రెండు, ఏడాదికి 24. అదే రైతు, అదే చేను, ఆరు రెట్ల తేడా. పైగా ప్రామిసరీ నోటుకు కాలపరిమితి మూడేళ్లు. అందుకే మూడేళ్లు నిండకముందే నోటు తిరగరాయించుకుంటారు. అప్పటికి కట్టని వడ్డీ అసల్లో కలిసి, దాని మీద మళ్లీ వడ్డీ మొదలవుతుంది. నేను మొదట రాసింది లక్ష రూపాయలకు. మూడేళ్లలో పడిన వడ్డీ 72 వేలు. అందులో కట్టగలిగింది పోను మిగిలిన 50 వేలు కలిపి లక్షన్నరకు కొత్త నోటు రాశాను. ఈ సంగతి మా ఇంటామెకు చెప్పలేదు. ఆమె లెక్కలో ఆ అప్పు ఇంకా లక్షే.

పంట డబ్బు చేతికి వచ్చినప్పుడు నేనేం చేసేవాణ్ణి? ముందు నగలు విడిపించేవాణ్ణి. పెళ్లికి పోతే భార్య మెడ బోసిగా కనపడకూడదని నా పట్టుదల. నగల మీద బ్యాంకు వేసే వడ్డీ నోటు మీద పడేదాంట్లో సగం కూడా లేదు. ముందు కట్టాల్సిన అప్పును వెనక్కి నెట్టి, వెనక కట్టినా నష్టం లేని అప్పును పరువు కోసం ముందు తీర్చాను. మళ్లీ విత్తనాల కాలం వచ్చేసరికి అవే నగలు బ్యాంకుకు పోయేవి.

నాకు ఒక ఓదార్పు కూడా ఉండేది. 2019లో జాతీయ గణాంక సంస్థ రైతు కుటుంబాల పరిస్థితి మీద సర్వే చేసింది. అందులో ఆంధ్రప్రదేశ్‌లో వ్యవసాయ కుటుంబాల్లో 93.2 శాతం అప్పుల్లో ఉన్నట్టు తేలింది. దేశం మొత్తానికి ఆ లెక్క 50.2 శాతం. సగటున ఒక్కో కుటుంబానికి మన దగ్గర ఉన్న అప్పు 2,45,554 రూపాయలు, దేశంలో 74,121. రెండింటిలోనూ మన రాష్ట్రమే ముందు. ఆ అంకెలు పేపర్లో చూసినప్పుడు నాకు భయం వేయాల్సింది. "అందరికీ ఉందిలే" అనిపించింది. పదిళ్లలో తొమ్మిదిళ్లకు పైగా అప్పున్న చోట అప్పుండటం సిగ్గుపడాల్సిన సంగతి కాదు. దాని ముఖం చూడకుండా ఏళ్లు గడపడానికి మాత్రం ఆ అంకెలు సాకు కాకూడదు. నేను సాకు చేసుకున్నాను.

ఇక టీవీ సంగతి. మా చిన్నప్పుడు దూరదర్శన్‌కు మిద్దె మీద యాంటెన్నా ఉంటే చాలు, నెలకు కట్టేదేమీ ఉండేది కాదు. 1995లో జెమిని, ఈటీవీ మొదలయ్యాక కేబుల్ ఊళ్లలోకి వచ్చింది, నెలచందా అలవాటైంది. ఆ తర్వాత సెట్‌టాప్ బాక్సులొచ్చాయి. 2017 డిసెంబరులో అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఏపీ ఫైబర్‌నెట్‌ను ప్రారంభించినప్పుడు టీవీ, ఇంటర్నెట్, ఫోను మూడూ కలిపి నెలకు 149 రూపాయలని చెప్పుకున్నాం. 2019 ఫిబ్రవరి 1 నుంచి టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ తెచ్చిన కొత్త ధరల పద్ధతి వచ్చింది. వంద ఛానళ్ల వరకు నెట్‌వర్క్ రుసుము 130 రూపాయలు, 18 శాతం జీఎస్టీతో 153 రూపాయల 40 పైసలు. ఉచిత ఛానళ్లకు అంతకు మించి ఏమీ లేదు. డబ్బు కట్టాల్సిన ఛానళ్లకు ఒక్కోదానికి ఒక్కో ధర. ఏది కావాలో ఎంచుకునే హక్కు చందాదారుడిదే. మరుసటి ఏడాది అదే 130కి 200 ఛానళ్లు ఇవ్వాలన్నారు. 2024 జులైలో ఆ 130 పరిమితినే ఎత్తేశారు.

ఆ ఎంచుకునే హక్కును నేను వాడుకోలేదు. కేబుల్ కుర్రాడు ఛానళ్ల పట్టీ తెచ్చి టిక్కులు పెట్టమంటే, "అన్నీ వచ్చేది వెయ్యప్పా" అన్నాను. నెలకు 350 రూపాయలు అయ్యేది.

ఇంట్లో ఎవరు ఏం చూసేవారో అప్పుడు ఆలోచించి ఉంటే బాగుండేది. మా అమ్మ చూసేది శ్రీ వేంకటేశ్వర భక్తి ఛానల్ ఒక్కటే. టీటీడీ 2008లో మొదలుపెట్టిన ఆ ఛానల్ ఉచితం. మా ఇంటామె రాత్రి వంట ముగించి ఒక సీరియల్ చూసేది, దానికి కావాల్సింది ఒక్క ఛానల్. మిగతా డబ్బంతా నా క్రికెట్ కోసమే. అసలు చందా కట్టింది ఎవరు? బర్రె పాలు పోసి మా ఇంటామె దాచిన డబ్బులో నుంచే ప్రతి నెలా పోయేది. ఆమె కష్టంతో నేను ఆట చూస్తూ, దాన్ని ఇంటి ఖర్చని పిలిచాను.

మునిగినవాడికి చలేమిటని సామెత. ఆ మాట నమ్ముకున్నాను. నోటు మీద నెలకు 3,000 వడ్డీ పడుతుంటే 350 ఒక లెక్కా అనుకున్నాను. ఈ మధ్య కూర్చుని లెక్క వేశాను. ఆ 350 నెలనెలా అసలుకు జమ చేసి, దానివల్ల తగ్గిన వడ్డీని కూడా అసలుకే కడుతూ పోతే అయిదేళ్లలో దగ్గర దగ్గర 40 వేల అప్పు తీరుతుంది. చేతి నుంచి పోయేది 21 వేలే. మిగతా 19 వేలు మనం కట్టకుండా తప్పించుకున్న వడ్డీ. లక్షన్నర అప్పులో నాలుగో వంతు కన్నా ఎక్కువ తీర్చే డబ్బును "ఇదెంత" అన్నాను.

రెండో తప్పు ఇంతకన్నా పెద్దది. ఒక ఏడు మిరప ధర పడిపోయింది. నోటు రాయించుకున్న పెద్దమనిషి వడ్డీ అడగడానికి ఇంటికొచ్చాడు. టీవీలో మ్యాచ్ నడుస్తా ఉంది. ఆయన తెర వైపు చూసి, "ఏమప్పా, ఆటలు బాగనే చూస్తాండావే" అన్నాడు. ఇంకేమీ అనలేదు. నాకు తల కొట్టేసినట్టయింది. మరుసటి రోజే కేబుల్ కుర్రాణ్ణి పిలిచి కనెక్షన్ తీసేయమన్నాను. ఇంట్లో ఒక్కరినీ అడగలేదు.

అమ్మ, "నాయనా, నా స్వామి ఛానల్ ఒక్కటన్నా ఉండనీయరా" అంది. "అప్పుల్లో ఉన్నోళ్లకు అవన్నీ ఎందుకమ్మా" అన్నాను. దానికి డబ్బు పడదన్న సంగతి కూడా నాకు తెలియదు. మా ఇంటామె నెమ్మదిగా, "ఏమయ్యా, వైరు పెరికితే నోటు తీరుతాదా?" అని అడిగింది. గట్టిగా కసిరాను. ఆమె అడిగింది సరైన ప్రశ్న. దానికి జవాబు చెప్పాలంటే నోటు లక్షన్నర అయిన సంగతి చెప్పాలి. చెప్పలేక కసిరాను.

ఆ తర్వాత నెలకు 350 మిగిలిందా? మిగల్లేదు. మ్యాచ్ ఉన్న రోజు బస్టాండు దగ్గర హోటల్లో కూర్చునేవాణ్ణి. టీ, బజ్జీ, నా పక్కన కూర్చున్నవాళ్లకు టీ. ఫోన్లో చూడటానికి డేటా రీచార్జి. నా ఫోను రీచార్జి గడువు 28 రోజులు కాబట్టి ఏడాదికి పన్నెండుసార్లు కాదు, పదమూడుసార్లు వేయించాలి. టీవీకి కట్టినదానికన్నా ఎక్కువే ఖర్చయింది. నోటుకు ఒక్క రూపాయి అదనంగా చేరలేదు. నా ఆట నేను చూస్తూనే ఉన్నాను. మానుకున్నది ఇంట్లో ఆడవాళ్లు. అమ్మ బ్రహ్మోత్సవాలను పక్కింటి వసారాలో కూర్చుని చూసింది. మోకాళ్ల నొప్పులతో ఆమె ఆ ఇంటి మెట్లెక్కుతుంటే చూసి కూడా నేనేదో త్యాగం చేశానని అనుకున్నాను. ఇప్పటికీ నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇదే.

మార్పు తెచ్చింది నేను కాదు, మా ఇంటామె. నోటు మళ్లీ తిరగరాసే గడువు దగ్గరపడినప్పుడు దాచడం కుదరక చెప్పాను. ఆమె ఏడవలేదు, తిట్టలేదు. గ్రూపు పుస్తకం లాంటిదే ఒక పుస్తకం తెచ్చింది. మా పక్క మండలం ఓర్వకల్లు పొదుపు సంఘాలకు పేరు మోసింది. ఈ ప్రాంతం ఆడవాళ్లు ఏళ్లుగా మీటింగుల్లో ఎవరు ఎంత కట్టారు, ఎవరికి ఎంత బాకీ ఉందో అందరి ముందూ రాస్తారు. అంత క్రమంగా లెక్క రాసే మనిషి ఇంట్లో ఉంటే, ఇంటి అప్పును ఆమెకు కనపడకుండా నేనొక్కణ్ణే మోశానని గర్వపడ్డాను.

ఆ పుస్తకంలో ఒక్కో అప్పు ఎదుట వడ్డీ శాతం రాసింది. అన్నింటికన్నా పైన నోటు నిలిచింది. "నగలు ఇంటికి తేవొద్దు, ఉన్న నాలుగూ బ్యాంకులోనే పెట్టి ఆ డబ్బు నోటుకు కట్టు. పెళ్లిళ్లకు బోసి మెడతో నేను పోతా, నీకేం?" అంది. అలాగే చేశాం. 24 శాతం అప్పులో సగానికి పైగా తక్కువ వడ్డీలోకి మారింది. మిగిలినదానికి పాల డబ్బు వచ్చిన రోజే ఇంత అని విడిగా తీసి కట్టడం మొదలుపెట్టాం.

టీవీ కూడా తిరిగి వచ్చింది. ఈసారి పట్టీ మీద టిక్కు ఆమె పెట్టింది. నెట్‌వర్క్ రుసుము 153 రూపాయల 40 పైసలు, ఆమె చూసే ఛానల్‌కు పన్నుతో 22 రూపాయల 42 పైసలు. మొత్తం 176 రూపాయల లోపు. అమ్మ ఛానల్‌కు అదనంగా ఏమీ లేదు. క్రికెట్ ఛానళ్లు తీసేశాం. పాత 350లో మిగిలిన సగం నోటుకు పోయింది. అంత కూడా కట్టలేని ఇంటికి డీడీ ఫ్రీ డిష్ ఉంది. 2004 డిసెంబరులో ప్రసార భారతి మొదలుపెట్టింది. గొడుగు, బాక్సు ఒకసారి కొనుక్కుంటే నెలకు కట్టేదేమీ ఉండదు. సప్తగిరి, యాదగిరి, మరెన్నో ఛానళ్లు వస్తాయి.

అప్పుల్లో ఉన్నవాళ్లు టీవీ చూడకూడదని నేననను. రోజంతా చేలో వంగి పనిచేసిన మనిషికి రాత్రి అరగంట తెరిపి కావాలి. నడవలేని తల్లికి ఇల్లు దాటకుండా దేవుణ్ణి చూసే దారి కావాలి. అప్పుందని వాటిని లాక్కోవడం ధర్మం కాదు. అన్నీ రావాలని కళ్లు మూసుకుని చందా కట్టడం కూడా ధర్మం కాదు, ఆ డబ్బు వడ్డీ రూపంలో పిల్లల మీద పడుతుంది.

నాలాంటి ఇంటి యజమానులకు నా మనవి ఇది. మీ అప్పులన్నీ ఈ రాత్రే ఒక కాగితం మీద రాయండి, ఒక్కోదాని ఎదుట వడ్డీ వేయండి, ఆ కాగితం మీ భార్య చేతిలో పెట్టండి. ఏ ఖర్చు తగ్గించాలో ఆ తర్వాత ఇంటిల్లిపాదీ కలిసి తేల్చుకోండి. తగ్గించడం మీరు చూసే ఛానళ్లతోనే మొదలుపెట్టండి. తగ్గించిన రూపాయిని అదే రోజు అన్నింటికన్నా ఎక్కువ వడ్డీ ఉన్న అప్పుకు కట్టండి. అలా కట్టకపోతే మీరు టీవీ ఉంచినా తీసేసినా అప్పు మాత్రం తగ్గదు.