ఒక్క గుంట భూమీ లాక్కోలేదట!

పావగడ సోలార్ పార్కు గురించి మైకు అందుకున్న ప్రతి పెద్దమనిషీ ముందు చెప్పే మాట ఒకటే: ఒక్క గుంట భూమి కూడా లాక్కోలేదు, రైతే రాజు, మేం ఉత్త కౌలుదారులం. వినడానికి ఎంత ముచ్చటగా ఉందో! తుమకూరు జిల్లాలో ఉన్నా మూడు పక్కలా ఆంధ్ర చుట్టుకుని, తెలుగులోనే కష్టసుఖాలు చెప్పుకునే ఈ కరువు తాలూకాలో తిరుమణి, వళ్లూరు, బాలసముద్రం, క్యాతగానచెర్లు, రాయచెర్లు పొలాలు 13,000 ఎకరాలు పలకల కిందికి వెళ్లాయి. 2018 మార్చిలో తొలి విడత ప్రారంభమై, 2019 ఆఖరుకు 2,050 మెగావాట్లూ సిద్ధమయ్యాయి. పేరు శక్తిస్థల. లాక్కోలేదన్నది నిజమే. కిటుకంతా ఆ నిజంలోనే ఉంది. 2013 భూసేకరణ చట్టం ప్రకారం సర్కారు భూమి సేకరిస్తే, గజం నేల లేకపోయినా మూడేళ్లుగా ఆ పొలాల్లో కూలి మీదే బతుకుతున్న కుటుంబం కూడా బాధిత కుటుంబమే. దానికీ పునరావాసం చూపాలి. కౌలుకు తీసుకుంటే సేకరణే లేదు, సేకరణ లేకపోతే బాధితులూ లేరు. కలుపు తీసినవాళ్లు, శెనక్కాయ పీకినవాళ్లు, బీళ్లలో గొర్లు మేపినవాళ్లు ఒక్క సంతకంతో లెక్కలోంచి మాయం. అదీ ఎంతో మర్యాదగా!

పోనీ రాజుగారి సంగతైనా చూద్దాం. ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలు, రెండేళ్లకోసారి 5 శాతం పెంపు, 28 ఏళ్ల ఒప్పందం. యాభై ఎకరాల ఆసామికి ఏటా పదిన్నర లక్షలు, రెండెకరాల రైతుకు నెలకు 3,500. రిజర్వు బ్యాంకు లక్ష్యంగా పెట్టుకున్న ధరల పెరుగుదలే ఏడాదికి 4 శాతం. ఆ లెక్కన గడువు తీరేసరికి ధరలు మూడింతలు, కౌలు మహా అయితే రెండింతలు. భరణం ఏటేటా చిక్కిపోయే రాజరికం ఇది.

వానల్లేని నేలలో ఏం పండేదయ్యా అని ఎదురడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. శెనక్కాయను నమ్ముకుని మునిగిన ఆసామికి కౌలు డబ్బు నిజంగానే ఊపిరి పోసింది. కాదనేవాడు పావగడ ఎండ చూడనివాడు. కానీ ఎంత కరువులోనైనా కూలికి నాలుగు రోజుల పని, గొర్రెకు ఇంత గరిక దొరికేవి. ఇప్పుడు కంచె దొరికింది. ఉద్యోగాలిచ్చాం కదా అంటారు: పలకలు తుడవడం, గడ్డి కోయడం, గేటు కాయడం. పార్కు కట్టేటప్పుడు కావలసినంత మంది కట్టాక అక్కర్లేదు. ఎండకు కూలీ ఇవ్వక్కర్లేదు మరి. ఇక నీళ్లు. ఇక్కడి బోరు నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాముల హద్దు దాటడం పాత కథ. దానికి రుచీ వాసనా ఉండవు, కాచినా పోదు. పిల్లల పళ్ల మీద గోధుమరంగు చారలై, పెద్దల మోకాళ్లు బిగుసుకుపోయాక బయటపడుతుంది. కౌలు వచ్చే ఇంటికి ఫిల్టర్ నీళ్ల క్యాను వస్తుంది. పని పోయిన ఇంట్లో ఆ క్యాను కూడా ఖర్చే.

అయితే పార్కు పీకేయమంటావా అని గద్దిస్తారు. ఎందుకూ పీకడం? ఏటా 400 కోట్ల యూనిట్లు పుడతాయనుకుందాం. యూనిట్‌కు ఒక్క పైసా ఈ ఐదూళ్ల భూమిలేని ఇళ్ల పేర పక్కన పెడితే 4 కోట్ల రూపాయలు. అమ్మో, కరెంటు చవకదనం పోతుందని ఎవరైనా గుండెలు బాదుకుంటే, ఇన్నాళ్లూ ఆ పైసా ఎవరి కూలి కోతలోంచి మిగిలిందో ఆ బిల్లు కూడా చూపించమనాలి.