సర్వరు మీద నెపము

పూర్వము మన పలాస ప్రాంతమున పని జరుగనప్పుడు వర్జ్యమనియు, తుమ్మనియు, ఏలినాటి శనియనియు నెపములు చెప్పుకొనెడివారు. ఇప్పుడు వారందఱికిని ఉద్యోగవిరమణ చేయించి, ఆ పీఠముమీద సర్వరు అను ఒక్క దేవతను ప్రతిష్ఠించుకొన్నాము. ఈ దేవతకు రెండే అవస్థలు: పడిపోవుట, నెమ్మదించుట. చక్కగా పనిచేయు మూడవ అవస్థ కూడ కలదని పెద్దలవలన విందుము గాని, టెక్కలి మొదలు ఇచ్ఛాపురము వఱకు ఏ కిటికీ ముందు నిలిచినను నాకది కన్నులబడలేదు.

మొన్న వేసవిలో కాశీబుగ్గయందు నేనెఱిగిన యొక జీడిపప్పు షావుకారుగారి కొట్టులో ఈ దేవత నెమ్మదించెను. ఉద్దానపు రైతులు 80 కిలోల పిక్కల బస్తాలు దింపి, సొమ్ముకై అరుగుమీద కూర్చుండిరి. గుమస్తా మీట నొక్కి, తెరమీద తిరుగు చక్రమును సుదర్శనమును చూచినంత భక్తితో చూచుచుండెను.

"ఏటి బావూ, ఇంకా అవనేదా?" అని యొక ముదుసలి.

"సర్వరు స్లో మావా, నానేటి సేత్తాను?" అని గుమస్తా.

షావుకారుగారు ధనవంతులు కావున సర్వరోగములకును ధనమే ఔషధమని నమ్మి, 8 జీబీ మెమరీని 16 జీబీ చేయించిరి. చక్రము కొంచెము మెఱుగుగా తిరిగెనే కాని ఆగలేదు. అంతట నొక యంత్రవైద్యుడు విచ్చేసి, పోస్ట్‌గ్రెస్ డేటాబేసు ఒక్కొక్క వరుసపఱచు పనికి 4 ఎంబీ మాత్రమే ఇచ్చుచున్నదని కనిపెట్టి, ఇంతటి షావుకారి యింట నింతటి పిసినిగొట్టుతనమా యని దానిని 256 ఎంబీ చేసి దక్షిణ పుచ్చుకొనిపోయెను. మఱునాడు పది గంటలకు సర్వరు నెమ్మదించుట మాని నిజముగనే పడిపోయెను.

విశాఖలో డేటాబేసు కొలువు చేయుచు సెలవునకు వచ్చిన మా మేనల్లుని నేనక్కడికి తీసికొనిపోయితిని. వాడు కొట్టును విడిచి ముందు బట్టీలోనికి నడచి, పప్పు ఏఱుచున్న ఆడువారిని చూపి, "మావయ్యా, వీళ్ళలో ఒక్కొక్కరికి చేట బదులు నులకమంచం ఇస్తే ఏమవుతుంది?" అని అడిగెను. పౌనుకు 300 నుండి 320 పలుకులు తూగునది 320 రకము, అంతకంటె పెద్దవి 240, 210 అని వేఱుచేయు ఆ కొలువునకు చేట చాలును. మంచములు వేసినచో మనుష్యులు వీధిలో కూర్చుండవలసినదే. కొట్టు, బట్టీ, గిడ్డంగి కలిసి ఆ సాఫ్టువేరు 40 కనెక్షన్లు తెఱచును. డేటాబేసు నడుగు ఒక్కొక్క ప్రశ్నయందు రెండుమాఱులు వరుసపఱచినచో 40, 2, 256 హెచ్చవేయగా 20 జీబీ. ఉన్నది 16. అట్టి సమయమున లినక్సు మెమరీని హెచ్చుగా తినుచున్న ప్రాణినొకదానిని బలియిచ్చును. పంచుకొన్న మెమరీ చెడియుండునేమో యని పోస్ట్‌గ్రెస్ తక్కిన కనెక్షన్లన్నిటిని వెడలగొట్టి, ఇంట నొకడు పోయినందుకు జ్ఞాతులందఱును మైలస్నానము చేసినట్లు, మొదటినుండి లేచును.

"పలాస ఔటర్లో ఆగిపోయిన గూడ్సును చూసి ఇంజను పాడైందని ఎవరైనా అంటారా మావయ్యా? ముందు లైను ఖాళీగా ఉందో లేదో చూడాలి" అని వాడు, పనిచేయుచున్న దెవరో, ఊరక వేచియున్న దెవరో తెలుపు పట్టిక తెఱచెను. రెండవ గుమస్తా ఒక పద్దు తెఱచి, మూయకయే కొబ్బరిబొండము త్రాగబోయెను. అతని వెనుక ఆఱుగురు నిలిచిరి. అది అల్పవ్యాధి.

అసలు వ్యాధి ప్రశ్నయందే యున్నది. 1970లో ఐబీఎం ఉద్యోగియగు కాడ్ మహాశయుడు సంబంధపట్టికల సిద్ధాంతమును ప్రకటించిన పిమ్మట, ఏమి కావలెనో చెప్పినచో చాలును, ఎట్లు తెచ్చుటయో డేటాబేసే చూచుకొను సంప్రదాయ మేర్పడినది. (మా షావుకారులకు ఈ సిద్ధాంతము కాడ్‌గారికి పూర్వమే తెలియును.) కాని ఎక్స్‌ప్లెయిన్ అనలైజ్ అను రెండు మాటలు ప్రశ్నకు తలమీద చేర్చినచో, తాను నడచిన త్రోవను, ఊహించిన వరుసలను, తుదకు తటస్థించిన వరుసలను డేటాబేసు దాపరికము లేక ఒప్పుకొనును. రైతుల పేర్లు ఇంటిపేరు క్రమమున ఇండెక్సు చేయబడినవి. గుమస్తా "రావు" అని మాత్రము కొట్టును. సాఫ్టువేరు దానికి ముందును వెనుకను శాతపుగుర్తు తగిలించును, అనగా ముందేమున్నను వెనుకేమున్నను సరియే. శ్రీకాకుళము జిల్లాలో రావు అని కేకవేసినచో తిరిగి చూడనివాడెవడు? ఇండెక్సు నిరుపయోగమైపోయి, కొట్టు పుట్టిననాటినుండి వ్రాసిన పద్దులన్నియు తడవి, రావుగారల నందఱిని పోగుచేసి, తేదీల వరుసను నిలుపవలసివచ్చెను. ఇట్టివారు నలువదిమంది ఒకేసారి! ప్రతి వరుసను తడవుట సర్వదా దోషము కాదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస చెంత తీరము దాటిన పిమ్మట, కూలిన కొబ్బరిని చెట్టుచెట్టునకు తిరిగియే లెక్కింపవలెను. కాని మందసలో నొక్క రైతు పద్దునకై కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు తోటలన్నియు నడచువానిని ఏమందుము? పైగా ఆ డేటాబేసునకు దాని పట్టికల లెక్కలు చాలకాలముగా తిరిగి చెప్పినవారు లేరు. తిత్లీకి ముందటి తోటను తలచుకొని దింపుకూలీలను పురమాయించు మేస్త్రివలె, అది వందలు వచ్చునని బయలుదేరి లక్షలు మోసికొని వచ్చుచుండెను.

వాడు 256ను మరల 4 చేసి, లెక్కలు తాజా చేయించి, పేరునకు మాఱు ఖాతా సంఖ్య నడుగునట్లు ప్రశ్నను మార్చెను. గుమస్తా మీటనుండి వ్రేలు తీయకముందే ముదుసలి పద్దు పైసలతో సహా తెరమీద నిలిచెను. అరుగుమీదివారందఱును లేచి లోనికి వచ్చిరి. "మరి సొమ్ము, బావూ?" అని ముదుసలి చేయి చాచెను.

షావుకారుగారి ముఖమున నేనాశించిన ఆనందము కానరాలేదు. వారు మా మేనల్లుని భుజముమీద చేయివేసి, చాటునకు తీసికొనిపోయి, గొంతు తగ్గించి అడిగిరి:

"అంతా బానే ఉంది గాని బాబూ, ఆ చక్రం ఒక్కటీ ఓ నెల్లాళ్ళు తిరిగేటట్టు ఉంచగలవా?"