ఒళ్లు పెంచి నిద్ర పోగొట్టుకోవడం ఎలా? పాతబస్తీ చిట్కాలు

లావెక్కితే నిద్ర చెడుతుంది. నిద్ర చెడితే లావెక్కుతాం. మొదటి సంగతి అందరికీ తెలుసు, రెండోది తెలిసినవాళ్లు తక్కువ. ఈ రెండింటినీ కలిపి ముడేస్తే ఇక మీరు చెయ్యాల్సిన పనేమీ ఉండదు. ఒకదాన్ని ఇంకొకటి తోసుకుంటూ పోతుంది. మొదటి తోపు మాత్రం మీరే ఇవ్వాలి. చార్మినార్ చుట్టుపక్కల ఉండేవాళ్లకు అందులో సగం పని ఊరే చేసిపెడుతుంది.

1. దుకాణం షట్టర్ దించగానే ఇంటికి పోకండి. గల్లీలో అరుగు, అదే చబుత్రా ఉంది కదా, దాని మీద కూర్చోండి. మాటలు అయిపోతే మళ్లీ మొదటి నుంచి అందుకోండి. ఆ మధ్య పోలీసులు మిషన్ చబుత్రా అని అర్ధరాత్రి కుర్రాళ్లను పట్టుకెళ్లి, అమ్మానాన్నలను పిలిపించి బుద్ధి చెప్పి పంపారు. మీకా భయం లేదు. నెరిసిన మీసం, ముందుకొచ్చిన పొట్ట ఉన్నవాణ్ని ఎవరూ జీపెక్కించరు. ఒకవేళ అడిగితే "ఇంట్లో కరెంటు లేదు సార్, ఉక్క" అనండి. జనవరిలో కూడా ఈ జవాబు నడుస్తుంది.

ఈ జాగారం వల్ల లాభమేమిటో షికాగో విశ్వవిద్యాలయం వాళ్లు 2004లో తేల్చారు. ఆరోగ్యంగా ఉన్న పన్నెండు మంది యువకులను రెండు రాత్రులు నాలుగేసి గంటలే పడుకోనిచ్చారు. కడుపు నిండిందని చెప్పే లెప్టిన్ 18 శాతం తగ్గింది, ఆకలేస్తోందని చెప్పే గ్రెలిన్ 28 శాతం పెరిగింది. మనసు తీపి మీదికి, ఉప్పు మీదికి, పిండివంటల మీదికి పోయింది. రెండు రాత్రులకే అంత ఫలితం! మీ చేతిలో ఏడాదికి 365 ఉన్నాయి.

2. చాయ్ లెక్కపెట్టకండి. ఒంట్లో చేరిన కెఫీన్ సగానికి తగ్గాలంటే సుమారు అయిదు గంటలు పడుతుంది. అంటే సాయంత్రం ఆరింటికి తాగిన ఇరానీ చాయ్ పదకొండింటికి కూడా సగం పని చేస్తూనే ఉంటుంది. ఆ మిగతా సగానికి తోడుగా ఇంకోటి తాగండి. ఎవరైనా కళ్లెర్రజేస్తే వన్ బై టూ చెప్పండి. సగాలు ఎన్ని తాగినా అవి సగాలే. ఉస్మానియా బిస్కట్ తిండి కిందికి రాదు, చాయ్ కిందికి వస్తుంది.

3. రాత్రి భోజనాన్ని ఫంక్షన్ హాలు టైముకు మార్చుకోండి. పెళ్లి దావత్‌లో పదకొండు దాటాకే దస్తర్‌ఖాన్ పరుస్తారు. మరగ్‌తో మొదలుపెట్టి, బిర్యానీ మీదుగా ఖుబానీ కా మీఠా దాకా వెళ్లండి. తర్వాత డబల్ కా మీఠా వడ్డించేవాడు కనిపిస్తే చెయ్యి అడ్డం పెట్టండి, వేళ్ల మధ్య సందు మాత్రం ఉంచండి. ఇంట్లో అడిగితే "బలవంతం చేశారు" అనే ఒక్క మాట చాలు. రాగానే వెల్లకిలా పడుకోండి. అలా పడుకుంటే తిన్నది గొంతులోకి ఎగదన్నుతుంది, నాలుక వెనక్కి జారుతుంది, గురక తన్నుకొస్తుంది. తెల్లారుజామున ఎలాగూ మెలకువే కాబట్టి లేచి నహారీకి పొండి. కుల్చాతో పాయా తిన్నవాణ్ని ఎవరూ బద్ధకస్తుడనరు, పొద్దున్నే లేచే మనిషంటారు.

రంజాన్ సంగతి వేరే చెప్పాలా? రోజా ఉన్నవాళ్లు పగలంతా మంచినీళ్లు కూడా ముట్టకుండా ఉండి తింటారు. మీరు పగటి భోజనం పూర్తి చేసి హలీం దగ్గరికి వెళ్లండి. ఉపవాసం ఉన్నారా అని అమ్మేవాడు అడగడు.

4. టేపు జోలికి పోకండి. మెడ చుట్టుకొలత మగవాళ్లకు 17 అంగుళాలు, ఆడవాళ్లకు 16 దాటితే డాక్టర్లు నిద్రలో ఊపిరి ఆగే స్లీప్ ఆప్నియాను అనుమానిస్తారు. మెడలోనూ నాలుక మొదట్లోనూ కొవ్వు చేరుతుంది. నిద్రలో కండరాలు వదులై గాలి దారి మూసుకుపోతుంది. మెదడు ఉలిక్కిపడి లేపుతుంది. జబ్బు ముదిరినవాళ్లలో ఇది గంటకు ముప్పైసార్లకు పైనే. షర్టు పై గుండీ పట్టకపోతే దర్జీని తిట్టండి. లేదా కాలర్ లేని కుర్తాలోకి మారిపోండి, పండగ కళ కూడా వస్తుంది. ఇక బీఎంఐ అంటారా, మన దేశంలో 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం. ప్రపంచ ఆరోగ్య సంస్థ మామూలు లెక్కలో అవి 25, 30. ఇలాంటి చోట దేశభక్తి పనికిరాదు.

5. గురకను గాఢనిద్ర అని ప్రచారం చెయ్యండి. ఇంటావిడ ఫోన్‌లో రికార్డు చేసి వినిపిస్తే పక్కింటి నీళ్ల మోటారనండి. ఇంకా మంచిది, ఆమెను పక్క గదిలో పడుకోమనండి. మీ ఊపిరి ఎప్పుడు ఆగిందో, ఎంతసేపు ఆగిందో చూసి చెప్పగలిగే ఏకైక సాక్షి అలా తప్పుకుంటుంది.

6. పగలు కౌంటర్ వెనక కునుకు తీయండి. కారు నడుపుతుండగా కళ్లు మూతలు పడితే మదీనా చౌరస్తాలో ఫరవాలేదు, అక్కడ బండి కదిలితే కదా. మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ పోయే ఎక్స్‌ప్రెస్‌వే 11.6 కిలోమీటర్లు, మధ్యలో సిగ్నల్ ఉండదు. అక్కడ మీ గురించి మీ వెనకాల వచ్చేవాళ్లే జాగ్రత్త పడాలి.

7. నడక ఊసెత్తితే తాలీం (కుస్తీ నేర్పే చోటు) పేరు చెప్పండి. గల్లీలో పహిల్వాన్లు కుస్తీ పట్టిన గడ్డ మాది అన్నాక మీ మోకాళ్ల గురించి అడగడానికి ఎవరికీ నోరు రాదు.

8. డాక్టర్ నిద్ర పరీక్ష రాస్తే ఆ చీటీని కరెంటు బిల్లుల మధ్య దాచండి. ఊపిరి ఆగకుండా గాలి పంపే సీపాప్ యంత్రాన్ని 1981లో సిడ్నీలో కొలిన్ సల్లివన్ ముందుకు తెచ్చాడు. ఇన్నేళ్లు అదేమిటో తెలియకుండానే గడిచింది, ఇకముందు మాత్రం ఎందుకు? "ముక్కుకు గొట్టం పెట్టుకుంటే పిల్లలు జడుసుకుంటారు" అనండి. దానికి బదులు రెండు పెగ్గులు వేసుకుంటే గొంతు కండరాలు ఇంకా వదులై ఊపిరి మరింతసేపు ఆగుతుంది. మనకు కావలసిందీ అదే.

చివరగా ఒక హెచ్చరిక. అమెరికాలోని విస్కాన్సిన్‌లో జనాన్ని నాలుగేళ్లు గమనించి 2000లో ఒక లెక్క ప్రచురించారు. బరువు పది శాతం పెరిగితే నిద్రలో ఊపిరి అడ్డుపడటం సుమారు 32 శాతం పెరుగుతుందట. పది శాతం తగ్గితే సుమారు 26 శాతం తగ్గుతుందట. అంటే తొంభై కిలోల మనిషి పొరపాటున తొమ్మిది కిలోలు జారవిడుచుకున్నా, ఇన్నాళ్ల కష్టంలో నాలుగో వంతు గంగలో కలిసినట్టే. దావత్ పిలుపులు వదులుకోకండి.