మార్కెట్ గారి మౌనవ్రతం

పెట్రోలు, డీజిలు ధరలను ఎవరు నిర్ణయిస్తారని అడిగితే ఢిల్లీలో ఏ పార్టీ ప్రభుత్వం ఉన్నా ఒకే జవాబు వస్తుంది: మార్కెట్. కాగితం మీద ఆ మాటలో తప్పేమీ లేదు. ధరల నియంత్రణ ఎత్తివేత, అంటే సర్కారు రేటు కట్టడం మానుకుని, అంతర్జాతీయ చమురు ధరనూ డాలరుతో రూపాయి మారకపు విలువనూ బట్టి కంపెనీలే అమ్మకపు ధరను దిద్దుకునే ఏర్పాటు, పెట్రోలుకు 2010 జూన్‌లోనూ డీజిలుకు 2014 అక్టోబరులోనూ అమలులోకి వచ్చింది. 2017 జూన్ 16 నుంచి దేశమంతటా ప్రతి ఉదయం ఆరు గంటలకు రేటు మారే పద్ధతి కూడా మొదలైంది. ఇంత స్వేచ్ఛ పొందిన ఈ మార్కెట్‌కు ఒక్క నియమం మాత్రం ఎవరూ చెప్పకుండానే అలవడింది. పోలింగు దగ్గరపడితే అది మౌనవ్రతం పూనుతుంది.

ఆ వ్రతవిధానాన్ని దగ్గరగా చూడాలంటే 2018 కర్ణాటక శాసనసభ ఎన్నికలను మించిన సందర్భం లేదు. రోజూ పైసల్లో కదులుతూ వచ్చిన ఢిల్లీ పెట్రోలు ధర ఏప్రిల్ 24న లీటరు 74 రూపాయల 63 పైసల దగ్గర ఆగిపోయి, అవతల ముడిచమురు ప్రియమవుతున్నా, రూపాయి నీరసిస్తున్నా, మే 12న పోలింగు ముగిసేదాకా ఒక్క పైసా కూడా అటూ ఇటూ జరగలేదు. మే 14న ఉద్యాపన జరిగింది. నాటి నుంచి వరసగా పదహారు రోజులు పెరిగి ధర 78 రూపాయల 43 పైసలకు చేరింది. మే 30 ఉదయం సుమారు 60 పైసలు తగ్గిందని ప్రకటించిన కంపెనీలు, కొన్ని గంటలైనా గడవకముందే అది గుమాస్తా పొరపాటనీ, తగ్గింది అక్షరాలా ఒక్క పైసా మాత్రమేననీ సవరించుకున్నాయి. పది లీటర్లు పోయించుకున్నవారికి ఆ ఔదార్యం వల్ల మిగిలింది పది పైసలు. ఆ నాణెం చెలామణిని సర్కారు 2011లోనే రద్దు చేసింది కనుక, దాన్ని వారి చేతిలో పెట్టే దారి మార్కెట్‌కు సైతం లేకపోయింది.

ఈ నిష్ఠ ఒక్క పార్టీ హయాంకే పరిమితమనడం అన్యాయం. 2011లో పశ్చిమ బెంగాల్, తమిళనాడు తదితర రాష్ట్రాల ఓట్లను మే 13న లెక్కిస్తే, పెట్రోలు మీద అయిదు రూపాయల పెంపు ఆ మర్నాడే వెలువడింది. 2012లో పార్లమెంటు బడ్జెట్ సమావేశాలు మే 22న ముగిశాయి. ఏడున్నర రూపాయల పెంపు 23న వచ్చింది. ఇక ఉత్తరప్రదేశ్ సహా అయిదు రాష్ట్రాల ఎన్నికలు పడిన 2021-22లో, ముడిచమురు ఒక దశలో బ్యారెల్ 139 డాలర్ల దాకా ఎగబాకినా, బంకుల్లోని రేటు 137 రోజులపాటు కిక్కురుమనలేదు. ఫలితాలు వచ్చిన పన్నెండు రోజులకు, మార్చి 22న నోరు విప్పి, పదహారు రోజుల్లో పద్నాలుగుసార్లుగా పది రూపాయలు పెరిగింది.

ఇదంతా ఎలా సాధ్యమంటే, దేశంలోని బంకుల్లో పదింట తొమ్మిది మూడు ప్రభుత్వరంగ కంపెనీలవే, వాటి యజమాని సర్కారే. కొన్న ధరకూ అమ్మిన ధరకూ మధ్య పడే తేడాకు ఈ రంగంలో 'అండర్ రికవరీ' అని పేరు. ఎన్నికల రాయితీ ఖర్చు బడ్జెట్‌లో కాకుండా ఆ పద్దులో దాగి ఉంటుంది కనుక, దానికి పార్లమెంటు ఆమోదం అడగవలసిన పని ఉండదు. ఆ ధరకు అమ్మితే మునుగుతామని 2022లో అమ్మకాలు కుదించుకున్న ప్రైవేటు బంకులు మాత్రమే, పాపం, మార్కెట్ అనే మాటను నిజమని నమ్మినట్లు కనిపిస్తాయి. తర్వాత ముడిచమురు దిగివచ్చినా కంపెనీలు తమ ధరను దాదాపు రెండేళ్లు కదల్చలేదు. 2023-24లో మూడింటికీ కలిపి సుమారు 81 వేల కోట్ల రూపాయల లాభం వచ్చింది. ఓటరుకు ఇచ్చిన రాయితీ వినియోగదారు దగ్గర వడ్డీతో సహా వసూలైందన్నమాట.

పెరిగేటప్పుడు ఉండే స్వేచ్ఛ తరిగేటప్పుడు ఏమవుతుందో 2020 చూపించింది. ఏప్రిల్ 20న అమెరికాలో ముడిచమురు ముందస్తు కాంట్రాక్టు ధర సున్నాకు దిగువన, మైనస్ 37 డాలర్లకు పడిపోతే, పక్షం రోజుల్లోనే కేంద్రం లీటరు పెట్రోలు మీద 10 రూపాయలు, డీజిలు మీద 13 రూపాయలు సుంకం పెంచింది. బంకులోని అంకె మారలేదు కనుక జనానికి పెంపు కనపడలేదు, తమకు రావలసిన తగ్గింపు కూడా కనపడలేదు. 2021 ఫిబ్రవరి నాటికి పెట్రోలు మీద కేంద్రం తీసుకునే 32 రూపాయల 90 పైసల్లో, రాష్ట్రాలకు వాటా దక్కే మూల సుంకం 1 రూపాయి 40 పైసలే. తక్కినదంతా పంచనక్కరలేని సెస్సులూ అదనపు సుంకాలూ.

అలాగని రాష్ట్రాలు నోట్లో వేలు పెట్టినా కొరకలేనివి కావు. పెట్రోలు మీద తెలంగాణ 35.20 శాతం వ్యాట్ వేస్తే, ఆంధ్రప్రదేశ్ 31 శాతానికి తోడు లీటరుకు నాలుగు రూపాయలూ, రోడ్ల పేరిట ఇంకో రూపాయీ రాబట్టింది. శాతంలో ఉన్న పన్ను కాబట్టి, ధర పెరిగినప్పుడల్లా ఏ ఉత్తర్వూ లేకుండానే ఖజానా నిండుతుంది. 2021 నవంబరులో కేంద్రం సుంకం తగ్గించి రాష్ట్రాలనూ తగ్గించమన్నప్పుడు రెండు తెలుగు ప్రభుత్వాలూ వినిపించుకోలేదు. సరిహద్దు దాటి కర్ణాటక బంకుల్లో ట్యాంకు నింపుకునే లారీలవాళ్లే కాస్తో కూస్తో మార్కెట్ సూత్రం పాటించారు.

2024 మార్చి 14న పెట్రోలు, డీజిలు రేట్లు లీటరుకు రెండు రూపాయలు తగ్గుతున్నట్లు ప్రకటన వెలువడింది. ధరల జోలికి ప్రభుత్వం పోదని, అది కంపెనీల ఇష్టమని ఏళ్ల తరబడి వింటూ వచ్చిన దేశానికి ఆ కబురు స్వయంగా పెట్రోలియం మంత్రి అందించగా, ఘనత ప్రధానమంత్రి ఖాతాలో జమ అయింది. తగ్గిన రేటు 15వ తేదీ ఉదయం ఆరు గంటలకు బంకుల్లోకి వచ్చింది. లోక్‌సభ ఎన్నికల షెడ్యూలు 16న వచ్చింది.