మా హెక్సా బావ

మా బావ దృష్టిలో పది పదిగా లెక్కపెట్టడం చిన్నపిల్లల పని. ఆయన లెక్క పదహారుతో. తొమ్మిది తర్వాత ఏ, బి, సి, డి, ఇ, ఎఫ్. అవన్నీ అయ్యాకే పది. ఆ లెక్కన తనకింకా ఇరవై ఎనిమిదేనని నలభయ్యో పుట్టినరోజు నాడు కేకు కోస్తూ ప్రకటించాడు. జుట్టు మాత్రం మామూలు లెక్కలోనే రాలిపోయింది.

కరెంటు మీటర్లు పంపే సందేశాలు చదివే ప్రోగ్రాములు రాయడం ఆయన ఉద్యోగం. మీటరు రెండేసి గుర్తుల జతల్ని దండలా గుచ్చి పంపుతుంది. ఒక్కో జత ఒక్కో బైటు. 52, 61, 6డి, 61 అని కనిపిస్తే చాలు, చెయ్యి చూసే జ్యోతిష్కుడిలా కళ్లు చికిలించి "రామ!" అంటాడు. లారీ వెనక 4142 చూసి "ఏబీ" అని పలకరిస్తాడు. లారీ పట్టించుకోదు.

చదివి ఊరుకోడు, దానికి పేరు పెట్టాలి. కోడులో 'జీరో ఎక్స్ 1ఎఫ్' అని ఉత్తినే పడి ఉంటే బారసాల చేయని బిడ్డని చూసినంత బాధ. పేరంతా పెద్ద అక్షరాల్లో, శుభలేఖలో ముత్తాతల పేర్లంత పొడుగ్గా ఉండాలి. "పేరు పెట్టాక విలువ మారకూడదురా, కాన్‌స్టంట్ అంటే అదీ" అంటాడు. వంటింటి డబ్బాలకీ లేబుళ్లు అంటించాడు. ఓసారి ఉప్పు డబ్బా మూత విరిగితే అక్క ఆ ఉప్పుని 'పంచదార' డబ్బాలో పోసింది. బావ కాఫీ కలుపుకుని రెండు గుటకలు మింగి, మొహం వికారంగా పెట్టి, లేబులు ఇంకోసారి చూసుకుని, మూడో గుటక కూడా మింగాడు.

ఈ కథ నేను ఊరంతా చెప్పడానికి కారణం ఉంది. సి భాషలో అదే 'జీరో ఎక్స్ 1ఎఫ్' స్ట్రింగుని నేను ఏటూఐ అనే ఫంక్షను చేతిలో పెట్టాను. రావలసింది 31. అది మొదటి సున్నా చదివి, ఎక్స్ కనబడగానే ఆగిపోయి, సున్నా ఇచ్చింది. మూడు రోజులు తల బాదుకున్నాను. బావ అరనిమిషంలో "స్ట్రింగ్-టు-లాంగ్ వాడి, మూడో చోట 16 అని చెప్పు" అని తేల్చేశాడు. చెప్పినవాడు చెప్పినట్టు పోతేనా! ప్రతి పెళ్లిలోనూ, "మా బామ్మర్ది ప్రోగ్రాం రాస్తే ఊరందరికీ కరెంటు ఫ్రీ" అంటూ మొదలు.

మొన్న పెదనాన్న షష్టిపూర్తి. అరవై అంటే 3సి కదా అని పందిట్లో ఇద్దరం మురిసిపోతుండగా వంటాయన వచ్చి ఎంతమందికి వండాలన్నాడు. పిలిచింది 120 మందిని. నా నోట్లోంచి "డెబ్భై ఎనిమిది" అని వచ్చేసింది. బావ తల ఊపాడు.

రెండో పంక్తి సగంలో సాంబారు అయిపోయింది. అక్క గరిటెతో సహా వచ్చింది. "ఎవరు చెప్పారా లెక్క?"

"మీ తమ్ముడే" అన్నాడు బావ, ఒక్క క్షణం ఆలస్యం చేయకుండా. "లెక్క మాత్రం కరెక్టే."