కొలువుకు వచ్చిన బొమ్మలు

మా వీధి పెద్దాయన ఇంట్లో దసరాకు కొలువు పెడుతున్నారంటే మొదట ఎవరూ నమ్మలేదు. ఆ ఇంట్లో ఆనవాయితీ లేదు. బొమ్మల కొలువు ఒకసారి పెడితే ఏటా పెట్టాలి, మధ్యలో మానకూడదని పట్టింపు. అందుకే అలవాటు లేని ఇల్లు కొత్తగా మొదలుపెట్టడానికి జంకుతుంది. ఆయన తల్లి బతికున్నన్నాళ్లూ ఆ మాటే ఎత్తనిచ్చేది కాదు.

ఇప్పుడు కారణం మనవరాలు. పెద్దాయన కూతురు శ్రీసిటీలో ఉద్యోగం చేస్తూ అక్కడికొచ్చిన జపాను ఇంజనీరును పెళ్లి చేసుకుంది. 2008లో సత్యవేడు, వరదయ్యపాళెం, తడ మండలాల్లో శ్రీసిటీ మొదలైనాక, 2016లో ఇసుజు వాళ్లు బండ్లు తయారు చేయడం మొదలుపెట్టినాక, మా వైపు జపాను మనుషులు కనబడటం వింత కాదు. కానీ దారిలో చూసి నవ్వడం వేరు, పీట మీద కూర్చోబెట్టి అల్లుడని కాళ్లు కడగడం వేరు. పెద్దాయన కడిగారు. అందుకు ఆయనంటే నాకు గౌరవం.

పాపకు ఆరేళ్లు. అది పుట్టినప్పుడు ఒసాకాలో ఉన్న నాయనమ్మ ఒక బొమ్మల జంట కొని తన దగ్గరే దాచింది. పట్టుబట్టల్లో చక్రవర్తి, ఆయన రాణి. అక్కడ మార్చి 3న హినమత్సురి. ఆడపిల్లలున్న ఇళ్లలో ఎర్రగుడ్డ పరిచి, ఈ జంటను పై మెట్టు మీద, కింద చెలికత్తెలను, వాయిద్యాల వాళ్లను కూర్చోబెట్టి, బిడ్డ చల్లగా ఎదగాలని కోరుకుంటారు. నిండుగా పెడితే ఏడు మెట్లు. ఫోనులో ఆ ఫొటో చూడగానే పెద్దాయన "ఇది మన కొలువే కదప్పా!" అన్నారు. ఇక పట్టుబట్టారు.

"నా మనవరాలికి రెండు దేశాలూ ఒక్కచోట కనపడాల. ఆనవాయితీ లేకపోతే నేను పెడతా."

అల్లుడికి మాత్రం చిన్న శంక. పండగ దాటినాక ఆ బొమ్మల్ని బయటే ఉంచితే ఆడపిల్ల పెళ్లి ఆలస్యమవుతుందని వాళ్ల నమ్మకం. మార్చి బొమ్మల్ని దసరాకు కూర్చోబెట్టవచ్చా అని తల్లిని అడిగాడు. "చుట్టపు చూపుగా పోయి రానీ" అందట ఆమె. ముఖమైనా చూడని ఆ పెద్దావిడ మీద నాకు ఎంతో ఇష్టం కలిగింది. పార్శిలు పంపించింది.

మెట్లు పెద్దాయనే దగ్గరుండి కట్టించారు. ఉన్న పలకలతో ఆరు మెట్లకు సరిపెడతానన్నాడు వడ్రంగి. వంటింట్లోంచి అవ్వ (పెద్దాయన భార్య, వీధంతా అవ్వ అనే పిలుస్తాం) తల బయటపెట్టి "ఏడు వెయ్యి నాయనా, బేసి ఉండాల. పైన కలశానికి చోటు వదులు" అంది.

"నీకెట్ల తెలుసే?" అన్నారాయన.

"యాడనో చూసినా" అని ఆమె మళ్లీ పొయ్యి దగ్గరికి పోయింది.

నిజానికి మా ఊరికి కలిసి బతకడం కొత్తగా నేర్పాల్సింది కాదు. 1960 ఏప్రిల్ 1 దాకా మేం మద్రాసు రాష్ట్రంలో, చెంగల్పట్టు జిల్లాలో ఉన్నాం. సరిహద్దులు తేల్చిన పటాస్కర్ సిఫార్సు మీద తిరుత్తణి అటు పోయింది, సత్యవేడు ఇటు వచ్చింది. గీత జరిగింది కానీ సంబంధాలు చెదరలేదు. పూలకూ గుడ్డలకూ గీత అవతలున్న ఊత్తుకోటకు పోయి మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చేస్తాం. పిల్లనిచ్చేదీ అటే, తెచ్చుకునేదీ అటే. ఎంత కలిసిపోయామంటే, అది ఇంకో ఊరి మర్యాద, ఇంకో ఇంటి పద్ధతి అన్న ఆలోచన కూడా ఎవరికీ రాదు.

పేరంటం నాటి సాయంత్రం పాప పట్టుపావడా కట్టుకుని మెట్ల పక్కన నిలబడింది. ఏ బొమ్మ ఎక్కడిదో వచ్చినవాళ్లకు చెప్పడం దాని పని. ఆ పనిని అది ఎంత శ్రద్ధగా చేసిందో చూడాల్సిందే.

"ఈ అంబారీ ఏనుగు కొండపల్లి నుంచి వచ్చింది. ఒక రాత్రి పట్టింది. ఈ లక్కబొమ్మలు ఏటికొప్పాకవి. నాలుగు రోజులు పట్టింది. వీళ్లిద్దర్నీ మా ఒబాచాన్, అంటే జపాను నాయనమ్మ, పంపింది. సముద్రం దాటాలి కదా, పన్నెండు రోజులు పట్టింది!"

ఆడవాళ్లు దాని బుగ్గలు పుణికారు. అల్లుడు చేతులు జోడించి అందరికీ వంగి నమస్కారం చేశాడు. "పరాయి దేశపు ఆచారాన్ని ఇంత ప్రేమగా ఇంట్లో కూర్చోబెట్టుకునే మనసు ఎంతమందికి ఉంటుందయ్యా" అన్నారొక పెద్ద మనిషి. పెద్దాయన కళ్లు చెమ్మగిల్లాయి.

పాప మెట్ల మీద ఒక్కొక్కరి పేరూ చెప్పుకుంటూ వేళ్లు ముడుస్తోంది. తాతవి, అమ్మవి, నాన్నవి, ఒబాచాన్‌వి. ఒక వేలు మిగిలింది.

"అవ్వా, నీ బొమ్మ ఏది?"

గుగ్గిళ్లు పంచుతున్న అవ్వ "నాకెందుకమ్మా బొమ్మలు" అంది. పాప కొంగు వదల్లేదు. కాసేపటికి అవ్వ గిన్నె నా చేతికిచ్చి లోపలి గదిలోకి పోయింది. ట్రంకుపెట్టె మూత చప్పుడు వినబడింది. వెలిసిన పట్టుగుడ్డలో మూట తెచ్చి విప్పింది. జానెడేసి ఎర్రచందనం బొమ్మలు రెండు, ఆడా మగా.

"మరపాచి!" అన్నారు పేరంటాళ్లలో ఇద్దరు ముగ్గురు ఒక్కసారే. శేషాచలం కొండల చెట్టుతో చేసిన ఆ జంట తిరుపతిలో ఇప్పటికీ దొరుకుతుంది. అరవ ఇళ్లలో తల్లి పెళ్లికూతురికి సారెతో పాటు ఇచ్చి పంపుతుంది. కొత్త కాపురంలో కొలువు ఆ జంటతోనే మొదలవ్వాలి.

పెద్దాయన ముందుకు వంగారు. "ఇవి యాడివే? నేనెప్పుడూ చూడలేదే."

"చూసినారు. మా యమ్మ సారెలో పెట్టింది. తొలి దసరాకు కూర్చోబెడదామని బయటికి తీసినా. ఈ ఇంట్లో ఆనవాయితీ లేదు, లోపల పెట్టు అనింది అత్తమ్మ. మీరూ ఆడనే ఉన్నారు."

పెద్దాయన ఏదో అనబోయి ఆగిపోయారు. పాపకు ఇవేవీ పట్టలేదు. ఒసాకా జంటను కొంచెం పక్కకు జరిపి, ఆ చోట ఎర్రచందనం జంటను కూర్చోబెట్టింది. తర్వాత వచ్చేవాళ్లకు చెప్పాలి కదా, అడిగింది.

"వీళ్లు ఏ ఊరి నుంచి వచ్చినారు అవ్వా?"

"ఊత్తుకోట."

"ఎన్ని రోజులు పట్టింది?"

"యాభై రెండేళ్లు."