పొటెమ్కిన్ గారూ, మన్నించండి

2024 ఆగస్టులో అనకాపల్లి జిల్లా అచ్యుతాపురం ప్రత్యేక ఆర్థిక మండలి (సెజ్)లోని ఎసెన్షియా ఫార్మా కంపెనీ పేలుడులో 17 మంది పోయిన మర్నాడే ప్రభుత్వం మందు సిద్ధం చేసింది: ఉన్నతస్థాయి కమిటీ, దానికి తోడు సేఫ్టీ ఆడిట్. ఈ ప్రకటన విన్నాక రష్యా ప్రభువు పొటెమ్కిన్‌కు తెలుగువాళ్ళ తరఫున క్షమాపణ చెప్పక తప్పదు. పైన పటారం, లోన లొటారం అని మనకు సొంత మాట ఉన్నా ఇంగ్లీషు పత్రికలు ఇలాంటి సరుకును ‘పొటెమ్కిన్ గ్రామం’ అంటాయి. 1787లో కేథరిన్ మహారాణి క్రిమియాకు బయల్దేరితే, ఆవిడ పడవ సాగే నది ఒడ్డున చెక్కలతో, రంగులతో ఉత్తుత్తి ఊళ్ళు నిలబెట్టించాడని కథ. ఆ కథను ప్రచారంలో పెట్టిన హెల్బిగ్ అనే శాక్సనీ దౌత్యోద్యోగి ఆ యాత్రలో లేనేలేడు. చరిత్రకారులు చాలామంది దీన్ని నమ్మరు. ఖేర్సన్, సెవాస్తొపోల్ లాంటి అసలు నగరాలు వెలిసేలా చేసినవాడి పేరు కట్టని ఊళ్ళకు అంటుకుంది పాపం.

నిజంగానే కట్టాడనుకుందాం. అచ్యుతాపురం సెజ్‌లో ఆయనకు అప్రెంటిస్ ఉద్యోగం కూడా రాదు. చెక్క, రంగు, రాత్రికి రాత్రి మోసే కూలీలు, ఎంత దండగ ఖర్చు! మన పద్ధతికి ఒక ఫైలు, ఒక ముద్ర చాలు. 2020 మే 7న విశాఖపట్నంలోని ఎల్‌జీ పాలిమర్స్ గ్యాస్‌కు 12 మంది బలైతే హైపవర్ కమిటీ వేశారు. జులైలో రిపోర్టు వచ్చింది. ఆ కమిటీ అధ్యక్షుడు నీరబ్‌కుమార్ ప్రసాద్ ఎసెన్షియా ప్రమాదం నాటికి రాష్ట్ర ప్రధాన కార్యదర్శి, కనుక ఆ రిపోర్టును వెతకడానికి ఇంకో కమిటీ అక్కర్లేకపోయింది. అదే ఏడాది సెప్టెంబరులో సులభ వాణిజ్యంలో మన ఆంధ్రప్రదేశ్‌కు దేశంలో మొదటి ర్యాంకు ప్రకటించారు. ఆ ర్యాంకులు తూచే సంస్కరణల్లో స్వీయ ధ్రువీకరణ, థర్డ్ పార్టీ తనిఖీ ఉన్నాయి. పొటెమ్కిన్‌కైతే చూడ్డానికి మహారాణి రావాలి. మన దగ్గర చూడ్డానికి ఎవరూ రాకపోవడమే సంస్కరణ. ఆ తర్వాత 2022లో సీడ్స్ కంపెనీలో రెండుసార్లు వందలాది మంది ఆడకూలీలు విషవాయువుకు పడిపోయారు. 2023 జూన్‌లో సాహితి ఫార్మా పేలింది. ఈ రెండు కంపెనీలూ అచ్యుతాపురంలోనివే.

ఆడిట్లే వద్దంటారా అని అడుగుతారు. ఎందుకు వద్దు? కావాలి. జీతమిచ్చే యజమానికే చూపించి బీరువాలో దాచే ఆడిట్ వద్దు. భోపాల్ గ్యాస్ దుర్ఘటన తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టానికి 41-బి సెక్షన్ చేర్చారు. లోపల ఏ ప్రమాదం పొంచి ఉందో కార్మికులకూ చుట్టుపక్కల జనానికీ చెప్పి తీరాలని అందులో రాశారు. గట్టిగా అడిగితే పెట్టుబడులు పారిపోతాయని బెదిరిస్తారు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ తనిఖీకి వస్తోందంటే మన ఫార్మా కంపెనీలకు చెమటలు పడతాయి, పెద్ద తప్పు దొరికితే అక్కడికి ఎగుమతి ఆగిపోవచ్చు. ఏ కంపెనీ పారిపోయింది? మాత్ర మింగే అమెరికావాడి కోసం అంత భయం. ఆ మాత్ర తయారుచేసే మన పిల్లల కోసం ఎవరికీ భయం లేదు. ఇంజనీరింగ్ చదివి, ఇంటికి మొదటి జీతం పంపిన పిల్లలు భోజనాల వేళ గోడల కింద నలిగిపోతే, మనం వాళ్ళ ప్రాణానికి కోటి రూపాయలని ధర కట్టి చేతులు కడుక్కున్నాం. పరిహారం ఇవ్వాల్సిందే. కానీ చెక్కు రాసిన చేతులు ఇన్నేళ్ళుగా తనిఖీ రిపోర్టుల మీద ఏం రాశాయి? సిగ్గుండాలి.

ఈసారి ఆడిట్ రిపోర్టులను తెలుగులో ఫ్యాక్టరీ గేటుకూ పంచాయతీ ఆఫీసుకూ అంటించండి, కింద సంతకం చేసినవాళ్ళ పేర్లతో సహా.